ఎండుదలకు మనిషి పేరు రాయొద్దు

నేను పని మానిన రోజు మిల్లు వాకిట్లో షామియానా వేశారు. శాలువా కప్పారు. మా సేటు శరణప్ప మైకు పట్టుకుని, "శివలీలమ్మ స్టోరు చూసినన్ని దినాలు ఒక్క గింజ పోలేదు" అన్నాడు. నేను కుర్చీలోంచే "పోయింది" అన్నాను. మర్యాదకు అన్నాననుకుని అందరూ నవ్వారు.

మర్యాదకు అనలేదు. కందులు గోదాములో పెడితే బరువు తగ్గుతాయి. ఒక్క గింజ పోలేదని చెప్పే స్టోరు మనిషి కాంటా చూడనిదైనా అయి ఉండాలి, అబద్ధమాడేదైనా అయి ఉండాలి. నేను రెండూ కాదు. ముప్పై ఎనిమిదేళ్లలో ఏది ఎంత పోయిందో, ఎందుకు పోయిందో నా దగ్గర రాసి ఉంది. ఎందుకు పోయిందో తెలియని చోట తెలియదని రాసి ఉంది. ఒక్క చోట మాత్రం తప్పు రాశాను.

నారాయణఖేడ్ పప్పు మిల్లులో సరుకు కొనడం, తూచి లోపల పెట్టడం, వరుస ప్రకారం ఆడించడానికి పంపడం నా పని. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు ఎలా చేశారమ్మా అని అడుగుతుంటారు. నా జీతం ఎప్పుడు పెరిగిందో వాళ్లకు అక్కర్లేదు. నేను తప్పు రాసిన ఆ ఒక్క చోటు సంగతి కావాలి. దాన్ని దిద్దడానికి నాకు ముప్పై మూడేళ్లు పట్టింది.

రంగు దారాలు

నేను మిల్లుకు వచ్చింది చిరిగిన గోనె సంచులు కుట్టడానికి. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు, పదో తరగతి చదివాను. సంచి మూతికి ఎనిమిది పోట్లు, చివర రెండు ముళ్లు. నా కుట్టు నేను చీకట్లో తడిమినా గుర్తుపడతాను. లెక్క రాసే మనిషి మానేస్తే "రాస్తవా?" అని సేటు అడిగాడు. రాస్తానన్నాను.

మొదట వచ్చిన సరుకు మొదట బయటికి పోవాలి. ఇది అందరూ చెప్తారు. కానీ సంచి తీసేది హమాలీ. అతనికి చదువు రాదు. మనం కట్టిన చీటీ అతనికి కాగితం ముక్క. అందుకని కార్తెకు ఒక రంగు దారంతో సంచులు కుట్టించాను. పచ్చ అయ్యాక పసుపు, పసుపు అయ్యాక నీలం. పొద్దున వచ్చి "ఇయ్యాల పచ్చ" అంటే చాలు.

సేటు ఇంట్లో మాట్లాడేది కన్నడం, ఎందుకమ్మా అనడానికి యాకవ్వా అనేవాడు. "యాకవ్వా, సంచులకు గూడ పెండ్లి చేస్తున్నవా?" అని నవ్వాడు. ఆ ఏడు పురుగు పట్టిన సంచులు నాలుగే. అంతకు ముందు ఏడు అరవై ఒకటి. తర్వాత నవ్వలేదు.

మీరు పెట్టే ఏ పద్ధతైనా సరే, సంచి మోసే మనిషికి అర్థం కాకపోతే అది మీ బల్ల మీదే పనిచేస్తుంది.

తడి చూసే పని

కందులు పుష్య మాసంలో వస్తాయి. మనూర్ నుంచి, కంగ్టి నుంచి, చుట్టూ ఉన్న ఊళ్ల నుంచి ట్రాక్టర్లలో, ఆటోల్లో తెస్తారు. అప్పుడు తడి చూసే యంత్రాలు లేవు. గింజ నోట్లో వేసుకుని కొరకాలి. టప్పున పగిలితే ఎండింది. పంటి కింద నలిగితే తడి ఉంది. తడి ఉంటే కడ్త తీయాలి, అంటే క్వింటాలుకు ఇన్ని కిలోలని రైతుకిచ్చే తూకంలో కోత వేయాలి. గోదాములోకి మాత్రం సంచి కాంటా తూకంతో నిండుగానే చేరుతుంది. ఈ రెండో మాట గుర్తుంచుకోండి.

కొరికేది నేనే, కోసేది నేనే. మనూర్ నుంచి ఒక రైతు ఆమె వచ్చేది. ఆమె నోటికి సేటు కూడా భయపడేవాడు.

"నీ పండ్లకు నా కంది ఎన్నడు ఎండినట్టు కనబడ్తదమ్మా?" అనేది.

"ఎండిననాడు."

"నా ఇంట్ల ఎండితే నాకే తూకం తగ్గె. మీ ఇంట్ల ఎండేదానికి గూడ నా తూకమే కోస్తిరి. ఎండకు ఎవలిల్లో ఎరుకనా?"

రెండు కిలోలు కోసి చీటీ ఇచ్చాను. ఆమె మాటలో మొత్తం ఉంది. నాకు వినబడలేదు.

మూడో ఏడు

నేను రాయడం మొదలుపెట్టిన మూడో ఏట, మూడు వందల సంచులు ఒక పక్కన థప్పి వేసి ఉంచాం. థప్పి అంటే సంచుల పేర్పు. అప్పుడు సంచికి నూరు కిలోలు. పుష్యంలో పెట్టినవి చైత్రంలో ఆడించడానికి తీశాం. తీసేటప్పుడు తూచాను. ఎనిమిది క్వింటాళ్ల నలభై కిలోలు తక్కువ.

సంచులు లెక్కకు మూడు వందలూ ఉన్నాయి. అంటే సంచిలోంచి ఎవరో తీశారు. అలా అనుకున్నాను. సంచి విప్పకుండా గింజ తీయడానికి ఒక ఇనుప గొట్టం ఉంటుంది. గోనెలో పొడిస్తే పిడికెడు గింజ జారుతుంది. నమూనా చూడటానికి వాడతాం. ఆ గొట్టం బోరంచ కిష్టయ్య భుజం మీది తువ్వాలలో దొరికింది. కిష్టయ్య హమాలీ, బోరంచ అతని ఊరు. అప్పటికి ముప్పై అయిదేళ్లు ఉంటాయి. ఆ మూడు వందల సంచుల్లో సగం అతని మెడ మీదే లోపలికి వెళ్లాయి.

"సేటు నమూనా తెమ్మన్నడమ్మా, గందుకే పెట్టుకున్న" అన్నాడు.

నేను సేటును అడగలేదు. అడగడానికి పదిహేను అడుగులు నడవాలి. నడవలేదు. ఎందుకంటే లెక్క కుదిరింది. తరుగు ఉంది, గొట్టం ఉంది, మనిషి ఉన్నాడు. రిజిస్టరులో కారణం అనే గడి ఖాళీగా ఉంది. అందులో "చోరీ, కిష్టయ్య, బోరంచ" అని రాసి సంతకం పెట్టాను. రాస్తుంటే అతను ఇంకేదో చెబుతూనే ఉన్నాడు. నేను తల ఎత్తలేదు.

సాయంత్రానికి అతన్ని తీసేశారు. ఇక్కడ ఒక మిల్లులో దొంగ అంటే అన్ని మిల్లుల్లోనూ దొంగే. చెరుకు కొట్టడానికి వెళ్లాడని కొన్నాళ్లకు విన్నాను.

మరుసటి ఏడు మూడు వందల ఇరవై సంచులు పెట్టాం. చైత్రంలో తూచాను. ఎనిమిది క్వింటాళ్ల అరవై నాలుగు కిలోలు తక్కువ. కిష్టయ్య లేడు. గొట్టం నా పెట్టెలో తాళం కింద ఉంది. తరుగు మాత్రం ఉంది.

కాగితం తీసి భాగించాను. మొదటి ఏడు సంచికి రెండు కిలోల ఎనిమిది వందలు. రెండో ఏడు రెండు కిలోల ఏడు వందలు. ఏ దొంగా ఇంత సమానంగా తీయడు. గింజ ఎండింది, అంతే. రిజిస్టరు భాషలో ఎండుదల. రైతు దగ్గర తడి అని కోసినదాన్ని నేనే. ఆ తడే ఆరిపోతే హమాలీని దొంగ అన్నదాన్నీ నేనే.

అప్పుడు సేటు దగ్గరికి వెళ్లి చెప్పవలసింది. చెప్పలేదు. ఆడమనిషికి లెక్కలు అప్పజెబితే ఇట్లనే ఉంటదని అంటారని భయపడ్డాను. ఆ భయానికి ఇప్పుడు నేను ఏ సాకూ వెతకను. నా కుర్చీ కోసం ఒక మనిషి పేరు అలాగే వదిలేశాను.

ఒక్క పని చేశాను. ఆ ఏటి నుంచి కొత్త సరుకు రాగానే అందులోంచి పది సంచులు తీసి, నా చేత్తో ఎర్ర దారంతో కుట్టి, విడిగా పెట్టేదాన్ని. ప్రతి సోమవారం ఆ పదీ తూచి నోటుబుక్కులో రాసేదాన్ని. మిగతా సంచులు ఎంత ఎండుతున్నాయో ఆ పది చెప్పేవి. ఎందుకని ఎవరైనా అడిగితే నా పిచ్చి అనేదాన్ని.

కదలని సరుకు

నా ముప్పై ఆరో ఏడు దసరాకు మిల్లుకు మేనేజరు వచ్చాడు. హైదరాబాద్ కుర్రవాడు, రోహిత్. చదువుకున్నవాడు, పని దొంగ కాదు. వచ్చిన నెలలో సరుకంతా కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. నాకు అందులో చాలా నచ్చింది. వంద చీటీలు వెతికే పని ఒక్క నొక్కుడుతో అయిపోయింది. కంప్యూటర్ వస్తే నాకు కోపమని మిల్లులో అనుకునేవారు. నాకు కోపం కంప్యూటర్ మీద కాదు, అది అడగని ప్రశ్న ఇంక లేనట్టే అనుకునేవాళ్ల మీద.

మార్చిలో ఒకరోజు పిలిచాడు. "మేడమ్, ఈ పది సంచులు జనవరి తొమ్మిది నుంచి కదల్లేదు. సిస్టమ్ రెడ్ చూపిస్తోంది. డెడ్ స్టాక్. ఆడించేయండి."

"కదలకుండ ఉండుడే వాటి పని సారు."

"అంటే?"

"మే నెలల చెప్త."

"మేడమ్, మీరు నా మాట వినరా?"

"ఇన్న. గని ఆడియ్య."

సేటుకు చెప్పాడు. సేటు నన్నేమీ అనలేదు. అప్పటికి ఆయనకు నా అలవాట్లు తెలుసు.

కాంటా దగ్గర

మే ఇరవై రెండు, సోమవారం. పన్నెండు వందల సంచుల థప్పి తీసి తూచారు. ఇప్పుడు సంచి యాభై కిలోలు. ఆరు వందల క్వింటాళ్లు ఉండాలి. అయిదు వందల ఎనభై రెండు క్వింటాళ్ల డెబ్భై ఎనిమిది కిలోలు వచ్చింది. పదిహేడు క్వింటాళ్ల ఇరవై రెండు కిలోలు తక్కువ.

రోహిత్ ముఖం మాడిపోయింది. అతను వచ్చాక మొదటి పెద్ద తరుగు. హమాలీల పెద్ద సాయిలును పిలిపించాడు. నమూనా గొట్టం ఉండేది సాయిలు దగ్గరే. సాయిలుతో పాటు పంతొమ్మిది మంది హమాలీలు వచ్చి కాంటా చుట్టూ నిలబడ్డారు. సేటు కూడా కుర్చీ వేయించుకున్నాడు.

"సంచికి కిలోన్నర చొప్పున గొట్టంతో లాగారు" అన్నాడు రోహిత్. కాగితం నా ముందు పెట్టాడు. కంప్యూటర్ తీసిన కాగితం. కారణం అనే చోట మూడే గడులు ఉన్నాయి. చోరీ, పాడైనది, తూకం తప్పు. చోరీ దగ్గర టిక్కు పెట్టి ఉంది. పక్కన సాయిలు పేరు. కింద నా సంతకానికి గీత.

సాయిలు నా వైపు చూశాడు. ఆ కాగితం మీద నా సంతకం పడితే అతనూ, అతని పంతొమ్మిది మందీ వానాకాలం లోపల ఊరు విడవాలి. అది అతనికీ తెలుసు, నాకూ తెలుసు. అదే గొట్టం, అదే గడి.

"పెట్ట" అన్నాను.

"మేడమ్, స్టోర్ ఇన్‌చార్జ్ సంతకం లేకుండా ఇది క్లోజ్ కాదు."

"కాకపోనియ్యి."

సేటు మెల్లగా అన్నాడు. "శివలీలా, రెండేండ్లయితే ఇంటికి పోతవు. ఎందుకు పరేషాన్? సాకు, పెట్టెయ్యి."

సాకు అంటే కన్నడంలో చాలు అని. నాకు మాత్రం చాలలేదు. "నన్ను ఇయ్యాలనే ఇంటికి పంపు సేటూ. సంతకం మాత్రం పెట్ట. సాయిలూ, గా ఎర్ర దారం సంచులు కాంటా మీదికి తే."

పది సంచులూ తెచ్చారు. రోహిత్‌ను పిలిచి కుట్లు చూపించాను. "ఎనిమిది పోట్లు, రెండు ముళ్లు. కుట్టు నాది. ఎక్కడన్న తెగిందా? గోనెకు ఎక్కడన్న గొట్టం పొడిచిన తొర్ర ఉన్నదా? నువ్వే చూడు, నీ చేత్తోనే తూచు."

అతనే చూశాడు, అతనే తూచాడు. జనవరి తొమ్మిదిన అయిదు వందల కిలోలు. ఇప్పుడు నాలుగు వందల ఎనభై ఆరు.

"సంచికి కిలో నాలుగు వందలు" అన్నాను. "పన్నెండు వందల సంచులకు పదహారు క్వింటాళ్ల ఎనభై. తీసింది ఎండ. రైతుల కాడ తడి ఉన్నదని కడ్త కోసినం గద సారు? ఆ తడి యాడికి పోయిందనుకున్నవ్? ఇందుల మిల్లుకు నష్టం గూడ లేదు. రైతు ముందుగాలనే కట్టిండు."

హమాలీల్లో ఎవరో ఈల వేశారు. రోహిత్ క్యాలిక్యులేటర్ తీసి మళ్లీ లెక్క వేసుకున్నాడు. అతని మీద నాకు ఆ క్షణంలోనే కొంచెం గౌరవం కలిగింది. మూడో ఏట నేను ఆ పని చేయలేదు.

"ఇంకా నలభై రెండు కిలోలు తేడా ఉంది" అన్నాడు.

"ఉన్నది."

"దానికి కారణం?"

"తెల్వది."

"సిస్టమ్ తెలియదు అంటే తీసుకోదు మేడమ్."

"గట్లయితే జల్దీ నేర్పియ్యి దానికి. నాకు నేర్వనీకి శానా ఏండ్లు పట్టింది."

ఈసారి అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను. అప్పుడు సాయిలు అడిగాడు.

"అక్కా, గట్లయితే కిష్టన్న సంగతేంది?"

మోయడం సాయిలుకు నేర్పింది కిష్టయ్య. నేను చోరీ అని రాసిననాడు సాయిలు అక్కడే, గోడ పక్కన నిలబడి ఉన్నాడు. ముప్పై మూడేళ్లు నాతో పనిచేసి, ఒక్కసారీ ఆ పేరు ఎత్తలేదు.

"గా పాత సంగతి ఇప్పుడెందుకు?" అన్నాడు సేటు.

నేను కాంటా పట్టుకుని నిలబడ్డాను. "కిష్టయ్య తియ్యలే. అప్పుడు గూడ ఎండిందే. మర్సటేడే నాకు ఎరుకైంది. ఎవలకూ చెప్పలే. తప్పు నాది" అన్నాను.

సాయిలు తువ్వాల దులిపి భుజాన వేసుకుని, "బోరంచలనే ఉన్నడు" అని మాత్రం అన్నాడు.

మెడకు తెలిసిన తూకం

ఆదివారం ఆటోలో బోరంచ వెళ్లాను. కిష్టయ్య ఇంటి ముందు అరుగు మీద కూర్చుని తాడు పేనుతున్నాడు. అరవై ఎనిమిదేళ్లు. మెడ వెనక సంచులు మోసి కాసిన కాయ ఇంకా అలాగే ఉంది.

"ఎవలు?"

"శివలీల. పప్పు మిల్లు."

తాడు ఆపలేదు. "రాసేటామెవా. ఏం పోయింది మల్లా?"

నిలబడే చెప్పాను. పది సంచులు, ఎండుదల, కాంటా దగ్గర అందరి ముందు నేను అన్న మాట. ఒక్క అంకె వదలకుండా చెప్పాను. అతను విన్నాడు.

"గిది చెప్పనీకి ముప్పై మూడేండ్లు పట్టెనా?"

"పట్టింది."

"నేను గా దినమే చెప్తి గద. అమ్మా, గింజ ఎండింది అంటి. పుష్యంల ఎత్తిన సంచి మెడ విరుస్తది. చైత్రంల గా సంచే జర ఊపిరి తీసుకోనిస్తది. నా మెడకు ఎరుక లేదా? నువ్వు రాసుకుంటనే ఉంటివి. తల గూడ ఎత్తకపోతివి."

అతను ఆ రోజు చెబుతూ ఉన్నది ఇదన్నమాట. నేను ఒక ఏడాది ఆగి, కాగితం మీద భాగించి కనుక్కున్నది అతను అప్పటికప్పుడే చెప్పాడు. ఈ పనిలోకి వచ్చేవాళ్లు నా దగ్గర నేర్చుకోవలసింది రంగు దారాలు కాదు, పది సంచులు కాదు. సరుకు సంగతి మొదట తెలిసేది దాన్ని మోసేవాడికి. తల ఎత్తి వినండి.

ఏం కావాలని అడిగాను. సేటుతో మాట్లాడి ఏమైనా ఇప్పిస్తానన్నాను. అతను తాడు పక్కన పెట్టాడు.

"నా పేరు గా బుక్కుల ఇంక ఉన్నదా?"

"ఉన్నది."

"కొట్టెయ్యి. గంతే. ఇంక నాకేం వద్దు మీ మిల్లుది."

ఏడో వరుస

సోమవారం పాత రిజిస్టరు అటక మీంచి దింపించాను. నూట పన్నెండో పేజీ, ఏడో వరుస. నా అక్షరాలే. ఇప్పటికంటే గుండ్రంగా ఉన్నాయి.

సేటు వచ్చాడు. "తప్పు నాది అని రాయకు. రేపు ఎవలన్న చూస్తే మిల్లు పేరు పోతది. సవరించినం అని రాయి" అన్నాడు.

"సేటూ, మిల్లు పేరు అయితే మిల్లును రాయమను. రాసింది నేను" అన్నాను.

రోహిత్ పక్కనే ఉన్నాడు. నాకు పెన్ను ఇచ్చింది అతనే. అప్పటికే అతను కంప్యూటర్‌లో ఎండుదలకు ఒక గడి, తెలియదుకు ఒక గడి పెట్టించాడు. అతను చెడ్డవాడు కాదు. మూడో ఏట నేనూ చెడ్డదాన్ని కాను. మనిషిని దొంగను చేయడానికి చెడ్డతనం అక్కర్లేదు, నింపి తీరాలనిపించే ఒక ఖాళీ గడి చాలు.

స్టోరు రిజిస్టరులో తప్పు పడితే చెరపకూడదు, కాగితం అంటించకూడదు. కింద ఉన్నది చదవగలిగేలా ఒకే గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం పెట్టాలి. అలాగే చేశాను. "ఎండుదల. చోరీ లేదు. కిష్టయ్య చెప్పాడు, నేను వినలేదు. తప్పు నాది." తేదీ వేసి సంతకం పెట్టాను.

గురువారం పొద్దున పదిన్నరకు కిష్టయ్య మిల్లుకు వచ్చాడు. సాయిలే తీసుకొచ్చాడు. కిష్టయ్యకు చదువు రాదు. సాయిలుకూ రాదు. నేను పేజీ తీసి ఆ వరుస మీద వేలు పెట్టి, రాసినదంతా గట్టిగా చదివాను, హమాలీలు అందరూ వినేలా. కిష్టయ్య వంగి చూశాడు. గీత మీద వేలు పోనిచ్చాడు.

"కింద ఏమో కనబడ్తనే ఉన్నది గద. నా పేరేనా అది?"

"నీ పేరే."

"మంచిగ తుడవరాదు?"

"తుడిస్తే నేను రాసిన తప్పు గూడ పోతది. అది ఉండాలె."

కిష్టయ్య రిజిస్టరు తనే మూశాడు.

"ఉండనియ్యి మరి" అన్నాడు.